మా సారు గారి హెచ్-ఇండెక్స్

క్రికెట్‌లో అయితే పెద్ద గొడవ లేదు. సగటు ఎంత, సెంచరీలెన్ని అని చెప్పేస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది. (మిగతా సగం "ఆ రోజుల్లో హెల్మెట్లు లేవండీ" అనే దగ్గర నడుస్తుంది.) సినిమాలకి ఒకప్పుడు వంద రోజులు ఎన్ని సెంటర్లలో ఆడిందనే లెక్క ఉండేది, ఇప్పుడు మొదటివారం వసూళ్ళు. మరి ఫలానా కంప్యూటర్ సైంటిస్టు ఎంత గొప్పవాడో తేల్చాలంటే దేన్ని లెక్కపెట్టాలి?

చదువుకునే రోజుల్లో నాకీ అనుమానం రాలేదు. డైక్‌స్ట్రా గొప్పవాడు, ఎందుకంటే సిలబస్‌లో ఉన్నాడు, పది మార్కుల ప్రశ్న గ్యారంటీ. అంతకు మించి ఆలోచించే తీరిక ఎవరికుంది :)

పరిశోధన లోకం ఈ ప్రశ్నకి ఎప్పుడో ఒక జవాబు తయారు చేసి పెట్టుకుంది. సైటేషన్లు. నేను రాసిన పేపర్ని మీరు మీ పేపర్ చివర ప్రస్తావిస్తే నా ఖాతాలో ఒకటి పడుతుంది. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన 1955లో సైన్స్ పత్రికలో ఈ ఆలోచన రాసి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అని అచ్చు వేశాడు. అమెరికా లాయర్లు ఏ తీర్పుని తర్వాత ఏ తీర్పులో ప్రస్తావించారో వెతుక్కోవడానికి వాడే పుస్తకాలుంటాయి, ఆయనకి నమూనా అవే. అంటే అసలు ఉద్దేశం వెతుక్కోవడం. ఈ విషయం మీద తర్వాత ఎవరెవరు పని చేశారో తెలియాలి, అంతే. మనుషులకి మార్కులు వెయ్యడం అనేది దానికి తర్వాత అంటుకున్న జాడ్యం.

ఇప్పుడిదంతా ఎందుకంటే, రెండు నెలల క్రితం మా ఇంజినీరింగ్ కాలేజీ సారు ఒకాయన ఫోన్ చేశారు. మాకు కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పారు. ఇరవయ్యేళ్ళు దాటింది ఆయన ఆ కాలేజీలో చేరి. మామూలుగా పండగలకి నేను చేస్తాను, ఆయన చెయ్యరు. అందుకే కంగారు పడి ఎత్తాను.

"ఏమయ్యా, ఈ హెచ్-ఇండెక్స్ అంటే ఏంటో కాస్త సరిగ్గా చెప్పు. నాది రెండుట. అది మంచిదా చెడ్డదా?"

సంగతేమిటంటే కాలేజీ వాళ్ళు కొత్తగా ఒక ఫారం తెచ్చారు. ప్రమోషనుకీ, ఇంక్రిమెంటుకీ పేపర్లు ఎన్ని, స్కోపస్‌లో ఉన్నవెన్ని, సైటేషన్లెన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత, పేటెంట్లెన్ని అని గళ్ళు. అందరి అంకెలూ స్టాఫ్ రూమ్ బయట నోటీసు బోర్డులో అంటించారట. సారు కింద నుంచి మూడో వరసలో ఉన్నారు. పైన ఉన్నవాళ్ళలో ఒకరు ఆయన దగ్గరే చదువుకుని, నిరుడు చేరిన కుర్రాడు.

హెచ్-ఇండెక్స్ కనిపెట్టింది హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త, 2005లో. లెక్క చాలా తేలిక. మీ పేపర్లని సైటేషన్ల వరసలో పెట్టండి. కనీసం మూడేసి సైటేషన్లున్న పేపర్లు మూడుంటే మీ హెచ్ మూడు. ముప్ఫయ్యేసి ఉన్నవి ముప్ఫయ్యుంటే ముప్ఫయ్. ఒకే ఒక్క పేపరుకి పదివేల సైటేషన్లున్నా హెచ్ ఒకటే. వంద పేపర్లు రాసి ఒక్కదాన్నీ ఎవరూ పట్టించుకోకపోతే సున్నా. ఒక రకంగా తెలివైన లెక్కే, అబద్ధమాడకూడదు. గాలివాటం అదృష్టాన్నీ, ఊరికే పేజీలు నింపడాన్నీ రెండిటినీ ఆపుతుంది.

సారు పేరు గూగుల్ స్కాలర్‌లో వెతికాను. అయిదు పేపర్లు కనిపించాయి: 9, 4, 2, 1, 0. కాబట్టి హెచ్ రెండే. కానీ జాగ్రత్తగా చూస్తే ఆ 2, 1 ఉన్నవి ఒకటే పేపరు! ఒకచోట ఆయన ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంది, ఇంకోచోట ఆయన అసలు పేరు రెండు ముక్కలై, రెండో ముక్క ఇంటిపేరైపోయింది. పాస్‌పోర్టు ఆఫీసులో మనవాళ్ళందరూ పడే పాట్లే. రెండూ కలిపితే 9, 4, 3, 0. హెచ్ మూడు. పది నిమిషాల్లో మా సారు యాభై శాతం గొప్పవాడయ్యారు :) ఫోన్లో చెబితే చాలాసేపు నవ్వారు. నోటీసు బోర్డులో ఇద్దర్ని దాటుతానయ్యా అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు మాత్రం ఎలాగో అనిపించింది.

(ఈ పేర్ల గొడవ చిన్నదేం కాదు. జర్మనీలో ట్రియర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1993లో మొదలుపెట్టిన డీబీఎల్‌పీ అనే జాబితా ఉంది, కంప్యూటర్ సైన్సు పేపర్లన్నిటికీ అదే పంచాంగం. ఒకే పేరున్న వాళ్ళని విడదియ్యడానికి పేరు పక్కన 0001, 0002 అని నంబర్లు వేస్తారు. చైనా వాళ్ళ తర్వాత ఎక్కువ నంబర్లు కావలసింది మన కుమార్లకీ, రావులకీ, రెడ్లకీనేమో.)

అసలు కంప్యూటర్ సైన్సుకి ఈ కొలతలు మొదట్నుంచీ సరిపోలేదు. మిగతా శాస్త్రాల్లో పెద్ద పేపరంటే జర్నల్లో వస్తుంది. మన దగ్గర పెద్ద పేపర్లన్నీ కాన్ఫరెన్సుల్లో వస్తాయి, ఎందుకంటే జర్నల్లో అచ్చయ్యేలోపు ఆ మెషీనే పాతబడిపోతుంది. కాన్ఫరెన్సంటే భోజనం పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది అనుకునే ఇతర శాఖల పెద్దలకి ఇది ఎక్కదు. అందుకే 1999లో ప్యాటర్సన్, స్నైడర్, ఉల్మన్ ముగ్గురూ కలిసి అమెరికా విశ్వవిద్యాలయాల కోసం ఒక నోటు రాయాల్సొచ్చింది, అయ్యా మావాళ్ళని ప్రమోట్ చేసేటప్పుడు కాన్ఫరెన్సుల్నీ, వాళ్ళు కట్టిన సిస్టముల్నీ కూడా చూడండి అని. (ఆ ఉల్మన్ మనకి తెలిసినాయనే, కంపైలర్ పుస్తకం మీద డ్రాగన్ బొమ్మ గుర్తుందా?)

కట్టిన సిస్టములు అన్నారు చూడండి, అసలు చిక్కు అక్కడుంది. 1991లో టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్ గురించి హైపర్‌టెక్స్ట్ కాన్ఫరెన్సుకి పేపరు పంపితే తిప్పికొట్టారు. ఊరికే డెమో చూపించుకో అన్నారు. లైనస్ టోర్వాల్డ్స్‌ని హెచ్-ఇండెక్స్‌తో కొలిస్తే మా కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం కూడా రాదు. డైక్‌స్ట్రా 1959 పేపరు మూడంటే మూడు పేజీలు. ఆ తర్వాత ఆయన రాసుకున్న పదమూడు వందల పైచిలుకు రాతల్లో చాలావాటిని చేత్తో రాసి, జిరాక్సులు తీసి, తెలిసినవాళ్ళకి పోస్టులో పంపేవాడు. వాళ్ళు ఇంకొకళ్ళకి. ఏ స్కోపస్ లెక్కలోకి వస్తుంది అది?

ఇంకో తమాషా ఉంది. నిజంగా గెలిచిన ఆలోచనకి సైటేషన్లు రావడం ఆగిపోతాయి. మీ ఫోన్లో దారి చూపించే యాప్ రాసినవాడు 1959 పేపరు పేరు ఎక్కడా చెప్పడు. అది గాలీ నీరూ అయిపోయింది. మన సి.ఆర్. రావు గారినే తీసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకుని, 1945లో, పాతికేళ్ళ వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్లో ఒక పేపరు రాశారు. క్రామర్-రావ్ హద్దు, రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, రెండూ అందులోవే. ఈ రోజు మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్ళు ఆ పేరు పలుకుతారు, ఫార్ములా వాడతారు, ఆ బులెటిన్ని ప్రస్తావించాలని ఎంతమందికి తడుతుంది? పేరే ఫార్ములా అయిపోయాక ఇంక సైటేషన్ దేనికి! 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆయనకి స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. 78 ఏళ్ళు ఆలస్యంగా చూసుకున్నారు లెండి. అదే ఏడాది ఆగస్టులో పోయారు.

శాఖకీ శాఖకీ కూడా పోలిక లేదు. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ అయిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని త్వరగా, కచ్చితంగా తేల్చే పద్ధతి బయటపెట్టారు. తొమ్మిది పేజీలు. కొద్దిమంది నిపుణులకి ఈమెయిలు చేశారు, వారం తిరక్కుండా న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది. 2006లో గోడెల్ బహుమతి. శతాబ్దాల నాటి ప్రశ్న అది. ఇంకోపక్క 2017లో గూగుల్ వాళ్ళు రాసిన అటెన్షన్ పేపరు ఉంది, ఇప్పుడు మనం చూస్తున్న చాట్ బాట్‌లన్నిటికీ తల్లివేరు. దానికి లక్ష సైటేషన్లు ఎప్పుడో దాటాయి. కాన్పూర్ పేపరు ఆ దరిదాపుల్లో లేదు. అయితే కాన్పూర్ పేపరు తక్కువదా? కాదు, ఆ వీధిలో జనం తక్కువ. అంతే.

ఆ అటెన్షన్ పేపరుకి ఎనిమిది మంది రచయితలు. అందరి వాటా సమానమే, పేర్ల వరస లాటరీ అని కిందే రాసుకున్నారు. మరి లక్ష సైటేషన్లని ఎనిమిదితో భాగించాలా? ఎవరూ భాగించరు. ఎనిమిది మందికీ ఒక్కో లక్ష. మా ఆఫీసులో ఒక రిలీజ్ అయితే ఎనిమిది మంది రెజ్యూమెల్లోకీ అదే ప్రాజెక్టు ఎక్కినట్టు. సిద్ధాంతాల వైపు పేపర్లలో పేర్లు అకారాది క్రమంలో ఉంటాయి. సిస్టమ్స్ వైపు మొదటి పేరు చేసినవాడిది, చివరి పేరు ల్యాబ్ పెద్దది. కాలేజీ ఫారంలో మాత్రం ఇద్దరికీ ఒకటే గడి.

కలిసి పనిచెయ్యడాన్ని కొలిచే సరదా లెక్క ఒకటుంది, మీరు వినే ఉంటారు. పాల్ ఎర్డోష్ అనే హంగరీ గణితవేత్త ఇల్లూ వాకిలీ లేకుండా సూట్‌కేసుతో తిరుగుతూ అయిదొందల మందికి పైగా జనంతో కలిసి పదిహేను వందల దాకా పేపర్లు రాశాడు. ఆయనతో రాసినవాళ్ళ ఎర్డోష్ సంఖ్య ఒకటి, వాళ్ళతో రాసినవాళ్ళది రెండు. మన బీరకాయ పీచు చుట్టరికం లాంటిదే. మార్క్ న్యూమన్ అనే ఆయన 2001లో దీన్ని సీరియస్‌గా లెక్కేశాడు. 1995 నుంచి అయిదేళ్ళ పేపర్లు తీసుకుంటే, కంప్యూటర్ సైన్సులో ఒక్కొక్కరికి సగటున సుమారు 3.6 మంది సహరచయితలు. కణ భౌతికశాస్త్రంలో 173! పెళ్ళి శుభలేఖకీ ఓటర్ల జాబితాకీ ఉన్నంత తేడా. "సహకారం ఎక్కువ ఉంది" అని మార్కులు వేసేవాడికి ఈ తేడా తెలియాలా వద్దా?

అయినా నా మటుకు నాకు, సైటేషన్ల కంటే మనుషుల గొలుసే ఎక్కువ చెబుతుందనిపిస్తుంది. రాజ్ రెడ్డి గారిని చూడండి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీలో ఇంజినీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ వెళ్ళి జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ చేశారు. 1994లో ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు. ఆయన్ని పేపర్ల వైపు నుంచి చూస్తే ఒక రకం, శిష్యుల వైపు నుంచి చూస్తే ఇంకో రకం. 1970ల్లో కార్నెగీ మెలన్‌లో ఆయన దగ్గర జేమ్స్ బేకర్ డ్రాగన్ అని ఒక సిస్టం కట్టాడు. తర్వాత ఆయనా, భార్య జానెట్టూ (ఆవిడా అక్కడే చదివింది) అదే పేరుతో కంపెనీ పెట్టి, 1997లో మామూలుగా మాట్లాడుతుంటే టైపు చేసే సాఫ్ట్‌వేర్ అమ్మారు. బ్రూస్ లోవెర్ హార్పీ కట్టాడు, 1976లో వెయ్యి పైచిలుకు మాటలు గుర్తుపట్టేది. కై-ఫూ లీ 1980ల చివర్లో స్ఫింక్స్ కట్టాడు. ఇవన్నీ ఒకే దారిలో నడిచినవి కావు, గమనించండి. రెడ్డి గారు నమ్మిన పద్ధతి ఒకటి, శిష్యులు సంభావ్యత లెక్కలతో పోయిన దారి ఇంకోటి. చివరికి గెలిచింది ఎక్కువగా శిష్యుల దారే. గురువు దారిని కాదని వెళ్ళిన శిష్యుడి గెలుపు గురువు ఖాతాలో ఎలా వేస్తారు? నన్నడిగితే రెట్టింపు వెయ్యాలి. సైటేషన్ లెక్కలో దానికి చోటే లేదు.

ఆ రోజుల్లో వాళ్ళు కట్టిన హియర్‌సే-2లో ఒక ఆలోచన ఉంది. శబ్దాలు తెలిసిన ప్రోగ్రాం ఒకటి, మాటలు తెలిసింది ఒకటి, వ్యాకరణం తెలిసింది ఒకటి. అన్నీ ఒక ఉమ్మడి నల్లబల్ల మీద తమకి తోచింది రాస్తాయి, పక్కది రాసింది చూసి సరిదిద్దుకుంటాయి. దీన్నే బ్లాక్‌బోర్డ్ పద్ధతి అంటారు, సాఫ్ట్‌వేర్ ప్యాటర్న్‌ల పుస్తకాల్లో ఉంటుంది. మా ప్రాజెక్టులో రెండేళ్ళ క్రితం ఇదే వాడాం. డిజైన్ డాక్యుమెంట్లో రాజ్ రెడ్డి పేరు గానీ, అర్మన్, లెసర్‌ల పేర్లు గానీ లేవు. ఉండాలని ఎవరూ అనుకోరు కూడా.

సరే, మళ్ళీ సారు దగ్గరికి. అంకెల్ని లక్ష్యంగా పెడితే జనం అంకెల్నే తయారుచేస్తారని గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో దాదాపు ఇదే చెప్పాడు. 2010లో ఫ్రాన్సులో సిరిల్ లాబే అనే ఆయన అర్థంపర్థం లేని వంద పేపర్లు కంప్యూటర్‌తో రాయించి, ఒకదాన్నొకటి ప్రస్తావించుకునేలా చేసి, ఐక్ అంట్‌కరే అనే లేని మనిషిని గూగుల్ స్కాలర్‌లో నిలబెట్టాడు. హెచ్-ఇండెక్స్ 94. ఐన్‌స్టీన్ కంటే పైన! ఇది ఎగతాళికి చేసింది. నిజంగా చేసేవాళ్ళూ ఉన్నారు. చెన్నైలో ఒక కంప్యూటర్ సైంటిస్టుకి 2017 దాకా వచ్చిన సైటేషన్లలో 94 శాతం తనవీ, తన సహరచయితలవీనని 2019లో అంతర్జాతీయ పత్రికల్లో వచ్చింది. (ఈ 94కీ ఆ 94కీ చుట్టరికం లేదు.) మన హైదరాబాదు ఓమిక్స్ మీద అమెరికా ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేస్తే, 2019లో కోర్టు అయిదు కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. సరైన సమీక్ష లేకుండా పేపర్లు అచ్చేస్తూ, ఉందని చెప్పుకున్నారని. ఎక్కడైనా జనం ఎగబడి కొంటేనే కదా అంగడి నడిచేది. 2010లో యూజీసీ పాయింట్ల పద్ధతి పెట్టాక ఆ అంగడికి గిరాకీ మన కాలేజీల్లోంచే బోలెడు వచ్చింది.

సారుకి కూడా ఒక ఏజెంటు ఫోన్ చేశాడట. స్కోపస్ పేపరు, మూడో రచయితగా పేరు, రెండు నెలల ఇంటద్దె అంత ఖర్చు. మొదటి రచయిత కావాలంటే రేటు వేరు. "నా పేరు మీద వచ్చే పేపరు టాపిక్ ఏంటో కనుక్కుందామని అడిగానయ్యా. సార్, అది మీకెందుకు సార్ అన్నాడు" అని చెప్పారు. ఆయన వద్దన్నారు. అదే ఏజెంటుకి సరే అన్నవాళ్ళు ఆ బోర్డులో ఎంతమంది ఉన్నారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

హిర్ష్ గారే 2020లో రాశారు, తన లెక్క ఘోరంగా తప్పే సందర్భాలున్నాయనీ, ఊహించని చెడు చేసిందనీ.

అలాగని అంకెలన్నీ చెత్తబుట్టలో పడేద్దాం అని నేను అనను. మన దేశంలో అంకెలు లేనిచోట ఏం నడుస్తుందో మనకి తెలుసు. మనవాడా కాదా, ఎవరి అల్లుడు, చైర్మన్ గారి ఊరివాడా. ఏ అండా లేని కుర్రాడికి "నా పేపర్ని తెలియనివాళ్ళు నూటముప్ఫై మంది ప్రస్తావించారు" అని చూపించుకునే వీలు ఆ అంకె ఇస్తుంది. దాన్ని తీసేసి "పెద్దలు చదివి నిర్ణయిస్తారు" అంటే, ఏ పెద్దలు అనేది నా ప్రశ్న. కాన్పూర్ పేపర్ని చదివి తేల్చేవాళ్ళు దొరికారు కాబట్టి హెచ్-ఇండెక్స్‌తో పని పడలేదు. ఒక జిల్లా కాలేజీలో కంపైలర్ పేపర్ని చదివి తేల్చేవాళ్ళెవరు? చదవడానికి మనిషి లేనిచోట అంకె వచ్చి కూర్చుంటుంది. అసలు బోధించడానికి పెట్టుకున్న మనిషిని పరిశోధన తూకంతో తూచడం ఇంకో అన్యాయం. 2022లో యూజీసీ పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి అన్న షరతు తీసేసింది. ప్రమోషన్ల దగ్గర కాలేజీల తలకి అది ఎప్పుడు ఎక్కుతుందో.

ఫారం ఆఖరి తేదీకి వారం ముందు మా బ్యాచీ, కిందా పైనా బ్యాచీలూ కలిసి ఒక పని చేశాం. సారు దగ్గర కంపైలర్ ల్యాబ్ చేసి, ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నవాళ్ళెవరో వాట్సాప్ గ్రూపుల్లో అడిగాం. పందొమ్మిది మంది తేలారు. ఒకమ్మాయి బెంగుళూరులో చిప్ కంపెనీలో కంపైలర్ బ్యాకెండ్ రాస్తోంది. ఒకబ్బాయి ఎల్ఎల్‌వీఎంలోకి ప్యాచ్‌లు పంపుతాడు, అవి బయట అందరికీ కనిపిస్తాయి. ఇద్దరు పీహెచ్‌డీలు చేస్తున్నారు, ఒకడి థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతల్లో సారు పేరుంది. కృతజ్ఞతలు సైటేషన్ కిందకి రావు, చూశాను. అన్నీ ఒక కాగితం మీద, ఎవరేం చేస్తున్నారో ఒక్కో వాక్యం, లింకులతో సహా టైపు చేసి పంపించాను. హెచ్-ఇండెక్స్ గడిలో మూడు అని రాసి, రెండు పేర్లూ ఒకరివేనని కింద వివరణ ఇచ్చాం.

సారు ఫారంతో పాటు ఆ కాగితం కూడా ఇస్తే, ఆఫీసులో క్లర్కు అటూ ఇటూ తిప్పి చూసి "ఇది ఏ కాలమ్ కిందకి వస్తుంది సార్?" అని అడిగాడట. ఏ కాలమూ కాదన్నారట ఈయన. పిన్ను కొట్టి వెనకాల పెట్టాడు. ఇంక్రిమెంట్ల జాబితా జూన్‌లో వస్తుందని చెప్పారు.